వచ్చే నెల నుంచి మేము అమ్మనివి, అడగబోయేవి

గ్యాప్ ఇయర్, అంటే చదువుకో ఉద్యోగానికో ఏడాది విరామం, ప్రణాళిక కోసం మా దగ్గరకు వచ్చినవారికీ, రావాలనుకుంటున్నవారికీ ఈ కబురు. వచ్చే నెల నుంచి మా పనితీరు కొంత మారుతోంది. కొన్ని మార్పులకు మీరు సంతోషిస్తారు, ఒకటి రెండింటికి విసుక్కుంటారు. ఫోనులో చెబితే ఒక్కొక్కరికి ఒక్కోలా వినిపిస్తుంది కాబట్టి అందరికీ కలిపి రాస్తున్నాను.

విసుగు తెప్పించేదే ముందు చెబుతాను. తిరిగి వచ్చాక ఏమి చేయబోతున్నారో కాగితం మీద చూపించనిదే ఇకపై మేము ప్రయాణానికి సంబంధించిన ఏ పనీ మొదలుపెట్టం. టికెట్లు, వీసా దరఖాస్తులు సరే, ఎక్కడికి వెళ్లాలన్న చర్చ కూడా ఉండదు. విద్యార్థులైతే సీటు వాయిదా వేస్తూ కాలేజీ ఇచ్చిన ఉత్తరం తేవాలి. ఉద్యోగులైతే సెలవు మంజూరు పత్రం. ఉద్యోగం మానేసి వెళ్లేవారు, వచ్చాక జీతం లేకుండా ఎన్ని నెలలు నెట్టుకురాగలరో లెక్క వేసుకుని రావాలి. "ఏడాది హాయిగా గడపడానికి వెళ్తుంటే ఇప్పటినుంచే తిరుగు ప్రయాణం గొడవ ఏమిటండీ?" అని అడిగేవారున్నారు. ఆ గొడవ తేలకపోతే హాయి సగం ఏడాదికే అయిపోతుంది.

ఇంట్లో పెద్దలను ఒప్పించడానికి పిల్లలు తరచూ ఎత్తుకునే పేరు అమెరికా మాజీ అధ్యక్షుడు బరాక్ ఒబామా కూతురు మాలియా ఒబామా. 2016లో హైస్కూలు ముగించి, ఏడాది ఆగి, 2017లో ఆమె హార్వర్డ్‌లో చేరారు. ఆగిన సంగతే చెబుతారు గానీ, ఆగేనాటికి సీటు చేతిలో ఉన్న సంగతి చెప్పరు. తాము సీటిచ్చిన విద్యార్థులు ఏడాది ఆగి వస్తామంటే హార్వర్డ్ వారు ప్రోత్సహిస్తారు కూడా. కాకపోతే ఆ ఏడాదిలో మరో కాలేజీలో డిగ్రీ కోర్సులో చేరకూడదు. బ్రిటన్‌లో డిగ్రీ కోర్సుల దరఖాస్తులు తీసుకునే ఉమ్మడి సంస్థ యూకాస్ ద్వారా దరఖాస్తు చేసేవారు మరుసటి ఏడాది చేరతామని దరఖాస్తులోనే అడగవచ్చు. ఒప్పుకోవడం, ఒప్పుకోకపోవడం ఆ కోర్సు నడిపేవారి ఇష్టం. గణితం విభాగాల వారు కొందరు, ఏడాదిపాటు లెక్కలు చేయకపోతే అలవాటు తప్పుతుందని వెనకాడతారు. అందుకే టికెట్టు కంటే ముందు ఆ విభాగానికి ఒక ఉత్తరం రాయండి అంటాం.

వాయిదా ఉత్తరం చేతికి రాగానే నేను చూసేవి ఇవి: చేరాల్సిన తేదీ, ఫీజు ఇప్పటి రేటా అప్పటి రేటా, స్కాలర్‌షిప్ కూడా వాయిదా పడుతుందా లేదా. సీటు గురించి నాలుగు వాక్యాలు రాసి స్కాలర్‌షిప్ ఊసెత్తని ఉత్తరాలే ఎక్కువ. అలాంటిది తెస్తే మళ్లీ రాయించుకురమ్మని వెనక్కి పంపిస్తాం. "అది మేం చూసుకుంటాంలే" అన్న అధికారి ఏడాది తర్వాత అదే కుర్చీలో ఉంటారని ఎవరు చెప్పగలరు? ఉద్యోగులకూ అంతే. తిరిగి వచ్చాక అదే పోస్టు ఇస్తారా, దానికి సమానమైనదా, ఆ ఏడాది సర్వీసులో కలుస్తుందా, ఆరోగ్య బీమా ఆగుతుందా అన్నవి రాతపూర్వకంగా ఉండాలి.

చదువు కోసం అప్పు చేసినవారు మధ్యలో విరామం తీసుకునేముందు ఆ పత్రాలు మరోసారి చదవండి. అమెరికా ప్రభుత్వ విద్యా రుణాల్లో చాలావాటికి, చదువు ఆపిన ఆరు నెలలకు కంతులు మొదలవుతాయి. అంటే సరిగ్గా విరామం నడిమధ్యన.

ఇక అమ్మడం మానేసినవి. అనాథాశ్రమాల్లో స్వచ్ఛంద సేవ ప్యాకేజీలను మా జాబితా నుంచి పూర్తిగా తీసేశాం. వీటిని అడిగేవారు మంచి మనసుతోనే అడుగుతారు, అందులో నాకు అనుమానం లేదు. కానీ సందర్శకులు, దాతలు తెచ్చే డబ్బు కోసం, తల్లో తండ్రో బతికే ఉన్న పిల్లలను ఆశ్రమాలకు చేర్చే వ్యాపారం కొన్నిచోట్ల నడుస్తోంది. ఐక్యరాజ్య సమితి సర్వప్రతినిధి సభ 2019లో బాలల హక్కులపై చేసిన తీర్మానంలో, ఆశ్రమాల్లో ఇలాంటి స్వచ్ఛంద సేవ వల్ల కలిగే హానిని అరికట్టాలని సభ్య దేశాలను కోరింది. వ్యాపారం సంగతి పక్కన పెట్టినా, నాలుగు వారాలు దగ్గరకు తీసుకుని వెళ్లిపోయే అక్కయ్యలు, అన్నయ్యలు ఏడాది పొడవునా మారుతూ ఉంటే ఆ పిల్లల గతి ఏమిటో ఆలోచించండి. కమిషన్ బాగా వచ్చేది మాకు వీటిమీదే. అయినా వద్దనుకున్నాం. సేవ చేయాలని ఉంటే మీకు వచ్చిన పని చెప్పండి, ఆ పని నిజంగా అవసరమైన చోటు వెతుకుదాం. ఏ పనీ రాకపోతే ముందు ఒకటి నేర్చుకోండి, ఏడాది చేతిలో ఉంది కదా.

వీసాల విషయంలో మమ్మల్ని బతిమాలవద్దు. ఐరోపాలో తమ మధ్య సరిహద్దు తనిఖీలు ఎత్తేసుకున్న షెంగెన్ దేశాల్లో స్వల్పకాలిక బస అంటే ఏ 180 రోజులు తీసుకున్నా అందులో 90 రోజులే. దిగిన రోజు, వెళ్లిన రోజు రెండూ లెక్కలోకి వస్తాయి. ఒక రోజు పక్క దేశానికి వెళ్లి వస్తే లెక్క మళ్లీ మొదటికి వస్తుందన్నది అపోహ. 2025 అక్టోబరు 12 నుంచి అక్కడ రాకపోకలను కంప్యూటర్‌లో నమోదు చేసే పద్ధతి దశలవారీగా మొదలైంది కాబట్టి, స్టాంపు మసకగా పడిందిలే అన్న ధీమా కూడా పోయింది. తిరుగుతూనే పని కూడా చేసుకోనిచ్చే ఆస్ట్రేలియా వర్కింగ్ హాలిడే వీసాకు మామూలుగా 18 నుంచి 30 ఏళ్ల వయసుండాలి, కొన్ని దేశాల పాస్‌పోర్టులకు 35 వరకు. ఆ వీసాపై ఒకే యజమాని దగ్గర సాధారణంగా ఆరు నెలలకు మించి పని చేయకూడదు.

ప్రణాళిక వేస్తే స్వేచ్ఛ పోతుందనేవారికి ఒక మాట. డిజైనర్ స్టెఫాన్ సాగ్‌మైస్టర్ ఏడేళ్లకొకసారి స్టూడియో మూసేసి ఏడాది విరామం తీసుకుంటూ వచ్చారు. మొదటిసారి ఏ ప్రణాళికా లేకుండానే మొదలుపెట్టారు. తీరా చూస్తే వచ్చిన చిన్నాచితకా ఉత్తరాలకు జవాబులిస్తూ తన స్టూడియోకే ఇంటర్న్‌లా మిగిలారు. చివరికి చేయాలనుకున్నవన్నీ రాసుకుని, బడి టైంటేబుల్‌లా గంటలు కేటాయించుకున్నాకే ఏడాది దారిన పడిందని 2009లో ఒక ప్రసంగంలో ఆయనే చెప్పారు. మేము కూడా మొదటి నెలకు మాత్రం వారపట్టిక వేసి ఇస్తాం. తర్వాత దాన్ని చించేయడం మీ ఇష్టం.

ఇక ఫీజు. ప్యాకేజీలు నడిపే నిర్వాహకుల నుంచి ఇకపై కమిషన్ తీసుకోం, మీతో కూర్చున్న గంటలకు మీ దగ్గరే తీసుకుంటాం. కాబట్టి మా ఫీజు పెరుగుతుంది. ఈ ఒక్క వాక్యం కోసమే ఇంత రాశాడా అని మీకు అనిపించవచ్చు, అందులో కొంత నిజం ఉంది. మొదటి సమావేశంలో మేము "ఈ ఏడాది వద్దు" అని చెప్పినా ఆ గంట ఫీజు తీసుకుంటాం. పరీక్ష తప్పిన వారంలోనే, లేదా పై అధికారితో గొడవపడ్డ మర్నాడే వచ్చేవారికి తరచూ ఆ జవాబే వస్తుంది. నెల తర్వాత అదే కోరిక మిగిలి ఉంటే రెండో సమావేశం ఉచితం.

ఇప్పటికే డబ్బు కట్టినవారికి పాత పద్ధతే కొనసాగుతుంది. ఆశ్రమాల ప్యాకేజీలు బుక్ చేసుకున్నవారికి మాత్రం మేము తీసుకున్న మొత్తం తిరిగి ఇచ్చేస్తాం, లేదా దాని బదులు వేరే పని వెతికిపెట్టమన్నా సరే. ఈ నెలాఖరులోగా ఏది కావాలో చెప్పండి. వచ్చేటప్పుడు పాస్‌పోర్టు, వాయిదా లేదా సెలవు ఉత్తరం అసలు ప్రతి వెంట తెచ్చుకోండి. ఫోనులో తీసిన ఫొటోలో అడుగున ఉన్న షరతులు కనిపించవు.