2024–25 వార్షిక నివేదిక: పదో తరగతి పిల్లల సొంత ప్రాజెక్టులు

సంఘ సభ్యులకు, ఊరి బయట ఉండి కూడా మనకు అండగా ఉంటున్నవారికి నమస్కారం.

మామూలు పనులు ముందు చెప్పేస్తాను. శ్రీరామనవమి పానకం పందిరి ఎప్పటిలాగే జరిగింది. కంటి పరీక్షల శిబిరం ఒక్కసారే పెట్టగలిగాం. రెండోది వర్షాలకు వాయిదా పడి, అలాగే ఉండిపోయింది. శ్మశానం దారికి గ్రావెల్ తోలించాం. మినరల్ వాటర్ ప్లాంటులో నీళ్లు వడగట్టే మెంబ్రేన్లు పాడైతే మార్చాం. ఆ ప్లాంటు సంగతి కింద మళ్లీ వస్తుంది, కొంచెం ఇబ్బందిగానే వస్తుంది. జమాఖర్చులు కోశాధికారి గారు సర్వసభ్య సమావేశంలో చదువుతారు. మిగతా నివేదికంతా హైస్కూలు పిల్లల ప్రాజెక్టుల గురించే. ఈ ఏడాది అతి తక్కువ డబ్బు ఖర్చయి, అన్నిటికంటే ఎక్కువగా మనల్ని తల గోక్కునేలా చేసిన పని అదే.

కిందటేడు సెలవులకు వచ్చిన మన సభ్యులొకరు, అమెరికాలో వాళ్లమ్మాయి హైస్కూలు చివరి ఏడాదిలో చేసిన ప్రాజెక్టు గురించి చెప్పారు. విషయం ఎంచుకున్నదీ, నెలల తరబడి పని చేసిందీ, చివర్లో పెద్దల ముందు నిలబడి వివరించిందీ ఆ పిల్లేనట. ఐబీ డిప్లొమా అనే అంతర్జాతీయ కోర్సు చదివే పిల్లలకూ ఇలాంటిదే ఉంది, 4,000 పదాలకు మించకుండా ఒక పరిశోధన వ్యాసం రాయాలి. నాకు పదాల లెక్క కంటే గైడ్ టీచర్ లెక్క నచ్చింది. ఒక్కో విద్యార్థికి ఆయన ఇవ్వాల్సింది మొత్తం మీద 3 నుంచి 5 గంటలే. ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పిన నాకు ఇది కాస్త గుచ్చుకుంది కూడా. మేమైతే ఆ 5 గంటల్లో ప్రాజెక్టు మొత్తం మేమే రాసి ఇచ్చేవాళ్లం.

మన పిల్లలకు ప్రాజెక్టు అన్న మాట కొత్తది కాదు. బడిలో ఏడాది మధ్యలో పెట్టే ఫార్మేటివ్ పరీక్షల్లో ప్రాజెక్టు పనులకు మార్కులున్నాయి. కాకపోతే ఆ మాట వినగానే వాళ్లకు గుర్తొచ్చేది చార్టు, స్కెచ్ పెన్నులు, థర్మాకోల్. రేపే ఇవ్వాలన్న సంగతి అమ్మకు రాత్రి పదింటికి తెలుస్తుంది. నాన్న బండి తీసుకుని, మూసేస్తున్న ఫ్యాన్సీ షాపు షట్టరు కొడతాడు.

జూలై మొదటి ఆదివారం గ్రంథాలయం మేడ మీద కూర్చోబెడితే 14 మంది వచ్చారు. "మీకు ఏం తెలుసుకోవాలని ఉంది?" అని అడిగాను. ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. చాలాసేపటికి వెనక నుంచి ఒకడు చేయెత్తాడు. హమ్మయ్య అనుకున్నాను.

"ఎన్ని పేజీలు రాయాలి సార్?"

అప్పుడు మేం చేసిన తప్పు ఒప్పుకోవాలి. ఖాళీని చూసి కంగారుపడి, కమిటీ కూర్చుని 20 అంశాల జాబితా తయారుచేసి చేతికిచ్చాం. తొమ్మిది మంది 'ప్లాస్టిక్ నివారణ' తీసుకున్నారు. పక్క వారానికి ఇద్దరు మిత్రులు ఒంగోలులో జిరాక్స్ షాపు నుంచి రెడీమేడ్ పుస్తకమే తెచ్చేశారు. అట్ట మీద ఇంకెవరిదో బడి పేరు అలాగే ఉంది, దాని మీద వైట్‌నర్ పూయడం మర్చిపోయారు. నవ్వాను గానీ, తప్పు వాళ్లది కాదు. జాబితా ఇచ్చామంటే జవాబులు కూడా ఎక్కడో ఉన్నాయని చెప్పినట్టే కదా. ఆ రోజే జాబితా చించేశాం.

ఆ తర్వాత మూడు ఆదివారాలు ప్రాజెక్టు మాట ఎత్తలేదు. వారమంతా ఇంట్లో, పొలంలో, బస్సులో "ఇదెందుకు ఇలా?" అనిపించినవన్నీ ఒక చిన్న నోటు పుస్తకంలో రాసుకు రమ్మన్నాం, అంతే. మొదటి వారం పుస్తకాలు దాదాపు ఖాళీ. రెండో వారానికి ఒకమ్మాయి పదకొండు రాసింది. అందులో "మా తాత సెల్లులో ఎందుకు అరుస్తూ మాట్లాడతాడు" కూడా ఉంది. వాటిలోంచి ఒకటి తీసుకుని దాన్ని చిన్నది చేయడం అసలు పని. మేం పట్టి చూసిన విషయాలు మామూలువే. ఫోన్‌లో వెతికితే జవాబు వచ్చేస్తే అది వద్దు. సైకిలు మీద వెళ్లి చీకటి పడేలోపు తిరిగి రాగలిగే దూరంలో ఉండాలి. సంక్రాంతి లోపల తేలిపోవాలి, ఎందుకంటే ఆ తర్వాత వాళ్లు మార్చి పరీక్షలకే సొంతం. ఈ మూడోది మాకు మొదట తట్టలేదు. పొగాకు అమ్మాయి నేర్పింది.

ఆ అమ్మాయి మొదట తెచ్చిన అంశం 'పొగాకు వల్ల పర్యావరణానికి కలిగే నష్టాలు'. వాళ్లది పొగాకు పండించే ఇల్లే. ఐదారు రోజులు సెగ పెట్టి ఆకును ఎండబెట్టే బ్యారన్ గది గోడ ఆనుకునే వాళ్ల పశువుల కొట్టం. ఆకు వేలానికి వెళ్లేది టంగుటూరు కేంద్రానికి. "నీ ఇంట్లో నష్టం ఏ మూల నుంచి వస్తోంది?" అని అడిగితే, ఆలోచించి, "కర్ర సార్" అంది. కిలో ఆకు తయారవడానికి ఎన్ని కిలోల కర్ర కాలుతుంది? అక్కడికి వచ్చేసరికి ఆగస్టు. ప్రశ్న బాగుంది, గైడ్‌గా ఉన్న రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి గారు కూడా సంబరపడ్డారు. తీరా చూస్తే బ్యారన్ వెలిగేది సంక్రాంతి ముందూ వెనకా. ఆగస్టులో పొయ్యిలో ఉన్నది పిల్లి పిల్లలు.

ఇక్కడే మా నోళ్లు కట్టేసుకోవడం కష్టమైంది. వేరే ప్రశ్న ఇచ్చేద్దామని ముగ్గురం అన్నాం. ఆ అమ్మాయే వాళ్ల నాన్న చిట్టా పుస్తకం తెచ్చింది. కిందటి సీజన్‌లో సర్వి కర్ర ఇన్ని ట్రక్కులు, చిల్లకంప ఇన్ని ట్రక్కులు అని ఉంది. ఆకు మాత్రం వేలం బిల్లుల్లో కిలోల్లో ఉంది. ట్రక్కుకి ఎన్ని కిలోలు? నాన్న ఒక అంకె చెప్పాడు, బాబాయి ఇంకొకటి చెప్పాడు. నాయనమ్మ మాత్రం "పచ్చి కర్ర కాటాకి బరువు, పొయ్యికి దండగ" అంది. అమ్మాయి ఆ మాట తేదీతో సహా రాసుకుంది. ఎండిన కర్రా, పచ్చి కర్రా ఒకే తూకంలో వేయకూడదని ఆమెకు తెలిసింది అలా. ఇంకో సంగతి కూడా రాసింది. మొదట్లో ఆకు పసుపు తిరిగేదాకా సన్నని సెగ చాలు, చివర్న ఈనె ఎండడానికి గట్టి మంట కావాలి, కాబట్టి ఐదారు రోజుల కర్రని రోజులతో భాగిస్తే లెక్క తప్పు. డిసెంబరులో ఆమె చదివిన ఆరు పేజీల్లో కచ్చితమైన అంకె లేదు. ఎందుకు లేదో మాత్రం చక్కగా ఉంది.

ఒక అబ్బాయి 'ఒంగోలు జాతి పశువుల గొప్పతనం' అని ఫోన్లోంచి రెండు పేజీలు దించుకొచ్చాడు. బ్రెజిల్‌లో ఈ జాతి నుంచి వచ్చిన పశువుల్ని నెల్లూరు పేరుతోనే నెలోర్ అంటారని అందులో ఉంది. "మన మూడు వీధుల్లో ఎన్ని ఉన్నాయిరా?" అన్నాం. రెండు సాయంత్రాలు తిరిగి వచ్చి, ఒకే ఒక జత ఉందని చెప్పాడు, అదీ పందేల కోసం మేపుతున్నదట. మిగతావి ఎప్పుడు, ఎందుకు పోయాయో తాతల్ని అడుగుతూ పోయాడు. ట్రాక్టర్ కొన్న సంవత్సరం ఒక్కో ఇంట్లో అడిగి పక్కన రాశాడు. గొప్పతనం పేజీలు చివరికి తనే తీసేశాడు.

ఇప్పుడు ప్లాంటు సంగతి. ఒకడు నోటు పుస్తకంలో "మినరల్ వాటర్ ప్లాంటు వెనక ఎప్పుడూ బురద ఎందుకు?" అని రాశాడు. బకెట్టు, ఫోన్లో స్టాప్‌వాచ్, నీళ్లలో కరిగిన లవణాలు (టీడీఎస్) ఎన్నో చూపే, గైడ్ కొనిచ్చిన పెన్ను లాంటి మీటరు, అతని పరికరాలు ఇవే. మంచినీళ్ల పైపు కింద ఒకసారి, శుద్ధి చేయగా మిగిలి వదిలేసే నీళ్ల పైపు కింద ఒకసారి బకెట్టు పెట్టి, నిండడానికి ఎంతసేపు పట్టిందో పది రోజులు రాశాడు. ఒక బకెట్టు మంచినీళ్లు తయారైతే బకెట్టున్నర పైన వృథాగా పోతోంది. తాగే నీటిలో టీడీఎస్ లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉంటే మంచిదనీ, వేరే నీళ్లు దొరకని చోట 2,000 దాకా ఒప్పుకోవచ్చనీ భారత ప్రమాణాలు చెబుతున్నాయి. మనం వదిలే నీళ్లు ఆ రెండోదాన్ని కూడా దాటాయి. అంటే మొక్కలకు పెట్టినా చేటే. ఆ కుర్రాడు ఇదంతా మన కమిటీ ముందే, మన ప్లాంటు గురించే చదివాడు. ఒకరిద్దరు ముఖాలు మాడ్చుకున్నారు, వారిలో నేనూ ఉన్నాను. జనవరిలో ఆ పైపును బడి మరుగుదొడ్ల ట్యాంకుకు కలిపాం. ఇప్పుడు అక్కడ బురద లేదు.

అన్నీ ఇలా లేవు. 14 మందిలో ఐదుగురు మధ్యలో ఆగిపోయారు. ఒకరిని దసరా తర్వాత రెసిడెన్షియల్‌కి మార్చారు. ఇద్దరికి విషయం దొరకలేదు, మాకు దొరికించడం చేతకాలేదు. ఒక తండ్రి మా ఇంటికే వచ్చి, "పదో తరగతి పెట్టుకుని ఈ తిరుగుళ్లేంది మాష్టారూ, టెన్షన్‌తో వాళ్లమ్మకి నిద్ర లేదు" అన్నాడు. ఆయన మాట కొట్టిపారేయలేం. అప్పటి నుంచి ఆదివారం పొద్దున 8 నుంచి 10 వరకే అని గీత గీశాం. మిగిలిన తొమ్మిది మందీ పాసయ్యారు. ఇది ప్రాజెక్టు వల్ల అని నేను అనను, ప్రాజెక్టు వల్ల చెడలేదని మాత్రం ఆ తండ్రి దగ్గరికి వెళ్లి చెప్పొచ్చాను.

వచ్చే ఏడాదికి గైడ్లు కావాలి. చదువుకున్నవారే అక్కర్లేదు. ఈసారి బాగా పనికొచ్చినవాళ్లలో ఒకరు లైన్‌మన్, ఒకరు దర్జీ. రెండు వారాలకొకసారి అరగంట కూర్చుని, "తర్వాత ఎవరిని అడుగుతావు?" అనగలిగితే చాలు. నా లాంటి మాష్టర్లకు ఆ అరగంట మౌనమే పెద్ద శిక్ష.

ఇంకొక్కటి. పొగాకు అమ్మాయి ఇప్పుడు ఒంగోలులో ఇంటరు, హాస్టల్లో ఉంది. వచ్చే జనవరిలో వాళ్ల బ్యారన్ వెలిగినప్పుడు పొయ్యిలో వేసే ప్రతి మోపూ తూచి రాసి పెట్టమని సంఘాన్ని అడిగింది. ఎండు కర్రకో పేజీ, పచ్చి కర్రకో పేజీ గీతలు గీసి నోటు పుస్తకం నా దగ్గర వదిలి వెళ్లింది. వంద కిలోలు తూగే కాటా ఉన్నవారు, ఆ ఐదారు రాత్రుల్లో ఒక్కటైనా పొయ్యి దగ్గర కూర్చోగలిగినవారు నాకు ముందుగా చెప్పండి.

— కార్యదర్శి