చూపు మార్చే కీలు తీసేసిన యాంట్ అటాక్ గురించి ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ వారికి,

మార్చి 9న మీ వెబ్‌సైట్‌లో 79 పౌండ్లు పెట్టి, టీవీకి తగిలించి ఆడుకునే మీ పాత ఆటల బాక్స్ కొన్నాను. అందులో నాకు కావలసింది ఒక్కటే ఆట, యాంట్ అటాక్. 1983లో శాండీ వైట్ అప్పటి ఇంటి కంప్యూటర్ జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ 48కె కోసం తయారు చేసిన ఆట అది.

ఆ ఆట మీలో ఎవరైనా పది నిమిషాలు ఆడి చూశారా అని నా అనుమానం. చుట్టూ గోడ కట్టిన యాంటెషర్ అనే ఊరు, 128 గడుల పొడవు, 128 వెడల్పు, 6 ఎత్తు, లోపలంతా గోడలు, మెట్లు, సందులు, వాటి మధ్య తిరిగే పెద్ద పెద్ద చీమలు. ఎక్కడో చిక్కుకుపోయిన మనిషిని వెతికి పట్టుకుని గేటు బయటికి తీసుకురావాలి. బొమ్మ ఏటవాలుగా కనిపిస్తుంది కాబట్టి గోడ వెనక ఏముందో తెలియదు, అందుకే నాలుగు దిక్కుల నుంచీ చూసేలా కీబోర్డులో నాలుగు కీలు పెట్టారు. మీ జాయ్‌స్టిక్‌లో ఆ నాలుగూ లేవు. యూఎస్‌బీ కీబోర్డు పెట్టి చూశాను, ఈ ఆటలో అది పనిచేయడం లేదు.

మా తొమ్మిదేళ్ల అమ్మాయి, ఆట మొదట్లోనే అమ్మాయా అబ్బాయా అని అడిగేసరికి ఎంత సంబరపడిందో! అమ్మాయిని ఎంచుకుని లోపలికి వెళ్లింది. కాపాడాల్సిన అబ్బాయి ఏదో గోడ వెనక ఉన్నాడు, చీమ ఎటు నుంచి వస్తోందో కనిపించదు, గ్రెనేడ్ విసిరితే ఎవరికి తగులుతుందో తెలియదు. మూడు రోజులు ప్రయత్నించి, "నాన్నా, నాకు రాదులే" అని వదిలేసింది. తప్పు తనది కాదని చెప్పినా నమ్మలేదు. నాకు అన్నిటికన్నా బాధగా ఉన్నది అదే.

మీకు మెయిల్ పెడితే "పాత ఆటలు అలాగే ఉంటాయి" అని జవాబు వచ్చింది. ఉండవండీ. 1983లో ఆ కీలు ఉన్నాయి, తీసేసింది మీరు. పైగా బాక్సు మీద "అన్ని కంట్రోల్స్‌తో, ఒరిజినల్‌గా" అని రాశారు, ఆ ఫొటో జత చేస్తున్నాను.

చూపు మార్చడం జాయ్‌స్టిక్ బటన్లకైనా కీబోర్డుకైనా కలుపుతూ అప్‌డేట్ ఇవ్వండి, ఏ తేదీకి ఇస్తారో రాసి చెప్పండి. కుదరకపోతే డబ్బు మొత్తం వెనక్కి ఇవ్వండి. చెప్పినట్టు లేని వస్తువును 30 రోజుల్లోపు తిప్పి పంపే హక్కు బ్రిటన్ 2015 వినియోగదారుల హక్కుల చట్టం నాకు ఇచ్చింది. బాక్స్ వచ్చి ఇవాళ్టికి 17 రోజులు.