ఎంఓయూలు లెక్కపెడితే లాభం తెలుస్తుందా?

సంపాదకులకు నమస్కారం.

విదేశీ యూనివర్సిటీతో ఎంఓయూ, అంటే అవగాహన ఒప్పందం, కుదిరిందంటే చాలు, శాలువాలు, ఫైళ్లు పట్టుకుని ఫొటో, మర్నాడు పేపర్లో వార్త. ఏడాది తిరిగాక దాని కింద ఎంతమంది పిల్లలు వెళ్లొచ్చారు, అక్కడ చదివిన సబ్జెక్టులకు ఇక్కడ క్రెడిట్లు వేశారా లేక మళ్లీ పరీక్ష రాయించారా అని ఎవరూ అడగరు. మీ పేపరూ అడగదు, ఏమనుకోకండి.

ర్యాంకింగులదీ అదే తంతు. ప్రపంచ యూనివర్సిటీలకు ఇచ్చే క్యూఎస్ ర్యాంకింగ్‌లో విదేశీ విద్యార్థుల నిష్పత్తికి 5 శాతం, విదేశీ అధ్యాపకుల నిష్పత్తికి ఇంకో 5 శాతం వెయిటేజీ. అంటే తలలు లెక్కపెట్టడమే కదా. నేపాల్ నుంచి వచ్చిన కుర్రాడు చదువు అయ్యేదాకా తన ఊరివాళ్లతోనే తిరిగి, పక్క బెంచీలో కూర్చున్న ఖమ్మం అమ్మాయితో ఒక్క ప్రాజెక్టు కూడా కలిసి చేయకుండా వెళ్లిపోయినా యూనివర్సిటీకి మార్కులు పడిపోతాయి.

యూరప్‌లో 1987 నుంచి ఎరాస్మస్ పథకం కింద విద్యార్థులు పక్క దేశాలకు వెళ్లి చదువుతున్నారు. 2014లో యూరోపియన్ కమిషన్ దీనిమీద పెద్ద అధ్యయనమే వేయించింది, దాదాపు 80 వేల జవాబులు తీసుకున్నారు. వెళ్లొచ్చినవాళ్లలో దీర్ఘకాలం నిరుద్యోగులుగా మిగిలేవాళ్లు మిగతావాళ్లతో పోలిస్తే సగమే అని తేలింది. బాగానే ఉంది, కానీ అదే అధ్యయనంలో ఇంకో సంగతి కూడా బయటపడింది: ఆ పిల్లల్లో చొరవ, ఆత్మవిశ్వాసం వెళ్లకముందే ఎక్కువగా ఉన్నాయి. వచ్చాక ఇంకొంచెం పెరిగాయి, నిజమే. మరి ఉద్యోగం ఇప్పించింది విదేశీ చదువా, ముందునుంచీ ఉన్న చొరవా? వెళ్లేముందు ఒకసారి, వచ్చాక ఒకసారి కొలిచారు కాబట్టి కనీసం ఈ ప్రశ్న వేయగలుగుతున్నాం. మన దగ్గర ముందూ కొలవరు, వెనకా కొలవరు.

ఇప్పుడు గుజరాత్‌లోని గిఫ్ట్ సిటీలో ఆస్ట్రేలియా యూనివర్సిటీలు డీకిన్, వొలొంగాంగ్, గురుగ్రామ్‌లో బ్రిటన్‌కు చెందిన సౌతాంప్టన్ యూనివర్సిటీ క్యాంపస్‌లు తెరిచాయి. రేపు మన హైదరాబాద్‌కో విశాఖకో ఎవరో ఒకరు వస్తారు, మళ్లీ శాలువాలు తప్పవు. అందులో ఫీజు కట్టగలిగేది కొద్దిమందే. అసలు పాస్‌పోర్టే తీసుకోని డిగ్రీ కాలేజీ పిల్లలకు దీనివల్ల ఏం ఒరిగిందో, సిలబస్ మారిందా, విదేశీ ప్రొఫెసర్ చెప్పిన కోర్సు ఆయన వెళ్లాక కూడా నడుస్తోందా, అది చూడాలి ముందు.

ఒక పని చేయండి. పాత ఎంఓయూ వార్తలు మీ దగ్గరే ఉంటాయి. వాటిలో ప్రభుత్వ యూనివర్సిటీలవి తీసి, ఒక్కొక్కదాని కింద ఎవరు వెళ్లారు, ఖర్చు ఎవరు పెట్టుకున్నారు అని ఆర్టీఐ కింద అడిగి, వచ్చిన జవాబు ఉన్నదున్నట్టు అచ్చేయండి.

– ఒక రిటైర్డ్ లెక్చరర్, గుంటూరు