ఎక్కినవాళ్ళెందరు, దిగినవాళ్ళెందరు

ఎడిటర్ గారికి,

నమస్కారం. మీ ఆదివారం పుస్తకాల పేజీ నేను తప్పకుండా చదువుతాను. పోయిన వారం ఐదు పుస్తకాల గురించి రాశారు. ఐదూ కొత్తవే. పేర్లు చీటీ మీద రాసుకుని మా గ్రంథాలయానికి వెళ్తే అందులో ఒక్కటీ లేదు. ఇంటి పన్ను కట్టినప్పుడల్లా రూపాయికి 8 పైసలు గ్రంథాలయం పన్ను పట్టుకుంటున్నారు కదా, మరి కొత్త పుస్తకాలేవండీ అంటే అక్కడి ఆయన నవ్వి బీరువా తాళాలు నా చేతిలో పెట్టాడు. ఈ నాలుగు నెలలూ ఆ బీరువాలో దొరికినవే చదివాను. వాటి గురించి ఎవరూ రాయడం లేదు కాబట్టి నేనే రాస్తున్నాను.

నేను ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైనవాణ్ణి. శిల్పం, శైలి నాకు తెలియవు. ఏ పుస్తకం పట్టుకున్నా బండి ఎక్కడ బయల్దేరింది, ఎవరెక్కారు, ఎక్కడ దిగారు అన్నదే నా కంటికి ముందు ఆనుతుంది.

ముందు దొరికింది ఏనుగుల వీరాస్వామయ్య గారి కాశీయాత్ర చరిత్ర. అట్ట ఊడిపోయింది. 1830 మే 18న చెన్నపట్నంలో బయల్దేరి, హైదరాబాదు, నాగపూరు మీదుగా కాశీ వెళ్ళి, కలకత్తా, పూరీ చూసుకుని 1831 సెప్టెంబరు 3కి ఇల్లు చేరారట. రైలు లేని కాలం. వెంట పెద్ద పరివారం. మజిలీ మజిలీకీ ఊరి పేరు, ఎన్ని ఆమడలు వచ్చారు, బాట ఎలా ఉంది, ఆ ఊళ్ళో వంట సరుకులు దొరుకుతాయా లేదా, అన్నీ రాసిపెట్టారు. మేమూ స్టేజీ స్టేజీకీ ఎస్సార్, అంటే టికెట్ల లెక్క కాగితం, రాసేవాళ్ళం. రాయకుండా చెకింగ్ వాళ్ళకు దొరికితే మెమో. ఆయనకు మెమో ఇచ్చేవాడెవరూ లేడు. అయినా రాశారు. ఆ వాక్యాలు మాత్రం నాకు తేలిగ్గా కొరుకుడుపడలేదు, మొదటి ఇరవై పేజీలు మూడుసార్లు చదివాను. ఆ తర్వాత ఆయన పక్కన నడుస్తున్నట్టే ఉంది. పల్లకీ మోసిన బోయీల గురించి ఇంకాస్త రాసి ఉంటే బాగుండేది. నడిచిన కాళ్ళు వాళ్ళవి కదా!

తర్వాత మొక్కపాటి వారి బారిష్టర్ పార్వతీశం, మొదటి భాగం. ఇది నా పదో తరగతిలో చదివిందే. అప్పుడు బారిష్టరు చదువుకని ఇంగ్లండు బయల్దేరిన ఆ మొగల్తూరు కుర్రాణ్ణి చూసి నవ్వాను. దొరసానుల టోపీ కొనుక్కుని నెత్తిన పెట్టుకునే చోట ఇప్పుడూ నవ్వాను, మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి ఏమైందని అడిగింది. కానీ రైలు ఎరగని ఆ పిల్లాడు రైలెక్కే చోట ఈసారి నవ్వు రాలేదు. ఏ బండి ఎక్కాలో తెలియక, అడిగితే కసురుతారేమోనని బస్టాండులో స్తంభం పక్కన నిలబడిపోయేవాళ్ళను ఎంతమందిని చూశాను! నేనూ కసిరాను, ఎందుకు దాచాలి.

ఏడు తరాలు మాత్రం నన్ను పడుకోనివ్వలేదు. అలెక్స్ హేలీ రాసినదానికి సహవాసి గారి తెలుగు. డోలు చేసుకోవడానికి మంచి చెక్క కోసం వెళ్ళిన కుంటా కింటే అనే ఆఫ్రికా కుర్రాణ్ణి పట్టుకుని బానిసల ఓడలో పడేస్తారు. ఆ ఓడలో మనుషుల్ని పేర్చిన తీరు చదువుతుంటే సంక్రాంతి రద్దీ గుర్తొచ్చింది. యాభై సీట్ల బండిలో వందమందిని ఎక్కించుకున్న రోజులున్నాయి. ఛ, దానికీ దీనికీ పోలికేమిటని నన్ను నేనే తిట్టుకున్నాను. మా మనవరాలు ఫోనులో వెతికి ఆ ఓడ లెక్క చదివి వినిపించింది. 1767లో గాంబియాలో బయల్దేరినప్పుడు సరుకు జాబితాలో ఏనుగు దంతాలు, మైనం, పత్తి, వాటితోపాటే 140 మంది బానిసలు. అవతల అమెరికాలోని అన్నాపోలిస్‌లో దిగింది 98 మంది. టికెట్ల లెక్కకూ సంచిలో డబ్బుకూ పది రూపాయలు తేడా వస్తేనే నాకు ఆ రాత్రి నిద్ర ఉండేది కాదు. ఆ 42 మంది లెక్క రాసుకున్న గుమాస్తాకు నిద్ర పట్టిందా అని రెండు రోజులు అదే ఆలోచన.

కేశవరెడ్డి గారి అతడు అడవిని జయించాడు ఒక్క పూటలో అయిపోయింది. పందిని వెతుక్కుంటూ అడవిలోకి పోయిన ముసలాయన కథ. దాని గురించి ఎక్కువ చెబితే చదవబోయేవాళ్ళకు పాడవుతుంది. మా అబ్బాయి ఇచ్చిన, జీవితంలో గెలవడం ఎలా అన్న పుస్తకం ముప్పై పేజీల దగ్గర ఆపేశాను. రిటైరైనవాడు ఇంకెవరి మీద గెలవాలి?

నేను అడిగేది రెండు సంగతులు. ఆ పేజీలో నెలకొకసారైనా పాత పుస్తకం ఒకదానికి అరకాలమ్ చోటివ్వండి. అక్షరాల సైజు కూడా రాయండి, శుక్లాల ఆపరేషన్ అయినవాళ్ళం దాన్ని బట్టే కొంటాం.

రెండోది, మా గ్రంథాలయం కాశీయాత్ర ప్రతిలో చివరి పేజీలు చిరిగిపోయాయి. పైన రాసిన సెప్టెంబరు 3 ముందుమాటలో చూసిందే. తిరుగు దారిలో మన తీరం వెంట వస్తుండగా పుస్తకం ఆగిపోయింది. ఎవరి దగ్గరైనా మొత్తం ప్రతి ఉంటే ఆ పేజీలు జిరాక్స్ తీయించి మీ ఆఫీసుకు పంపమని ఈ ఉత్తరం కింద ఒక ముక్క వేయండి. జిరాక్స్ ఖర్చు, పోస్టు ఖర్చు నేనిస్తాను. చిల్లర కూడా సరిగ్గా.

ఇట్లు,
ఒక రిటైర్డ్ కండక్టరు,
గుంటూరు జిల్లా