పలక అంచున తెల్ల గీత, ఆలస్యమైన ఆర్డర్లు

సువాన్, సియోల్ చుట్టుపక్కల మా దగ్గర జాంగ్ అనే కొరియా సంప్రదాయ చెక్క బీరువాలు కొన్న తెలుగువాళ్లందరికీ నమస్కారం. చలి మొదలయ్యాక మీ నుంచి వరసగా ఫోటోలు వస్తున్నాయి. తలుపు పలక అంచున సన్నటి తెల్ల గీత, కింద "పగిలిందా అండీ?" అని ప్రశ్న.

పగల్లేదు. ఇక్కడి ఇళ్లకు నేల కింద నుంచి వేడి వస్తుంది కదా, ఆ ఓండోల్ వేడికి చలికాలం గాలి పొడిబారి చెక్క కుంచించుకుంటుంది. జూన్ ఆఖరులో వానలు మొదలైతే చెమ్మ పీల్చి ఉబ్బుతుంది. అందుకే పాతకాలం కొరియా వడ్రంగులు పలకను చట్రానికి అతికించేవారు కాదు. చట్రంలో గాడి తీసి, అందులో వదులుగా కూర్చోబెట్టేవారు. మేమూ అంతే. పలక కుంచించుకున్నప్పుడు గాడిలో దాక్కున్న, పూత అందని అంచు బయటపడుతుంది. మీరు చూస్తున్న గీత అదే. వానలు పడితే తిరిగి లోపలికి పోతుంది. దయచేసి ఫెవికాల్ పూయకండి, అప్పుడు నిజంగానే పగులుతుంది.

ప్లైవుడ్ వేస్తే ఈ గొడవే ఉండదుగా అని కొందరు అడిగారు. ఉండదు, ధర కూడా తగ్గుతుంది. అయినా వేయం. జెల్కోవా చెక్క మీది చారల కోసమే కదా జాంగ్ కొనేది!

కొలతలు మాత్రం మారుస్తున్నాం. ఇవన్నీ నేల మీద కూర్చునేవాళ్ల కోసం పుట్టినవి, మీ ఇళ్లలో సోఫాలున్నాయి. కిటికీ కింద జంటగా పెట్టే ముంగాప్ బీరువాలు ఎత్తు తక్కువగా, అడ్డంగా పొడుగ్గా ఉంటాయి కాబట్టి టీవీ కిందికి ఇట్టే కుదిరాయి. వెనక వైర్లకు కన్నం పెట్టాం, అంతే. బందాజీ అనే పెట్టెకు అదీ అక్కర్లేదు. ముందువైపు పైసగమే కిందికి తెరుచుకుంటుంది, పైనున్న బల్ల కదలదు. పైన మొక్కలు పెట్టుకుని లోపల రజాయిలు దాచుకోవచ్చు.

సోబాన్ అనే చిన్న భోజనబల్ల మాత్రం లొంగలేదు. పులికాళ్ల సోబాన్‌ను సోఫా ఎత్తుకు పెంచమన్నారు, నమూనా చేసి చూశాం. ఆ కాలు పైన ఉబ్బి, కింద సన్నబడి, పాదం దగ్గర బయటికి తిరుగుతుంది. సాగదీస్తే పులి కాస్తా కొంగైంది. ఆ ఆర్డర్లు ఇక తీసుకోం. పిల్లలను నేల మీద కూర్చోబెట్టి దాని మీద అన్నం పెట్టండి, దాని అసలు పని అదే.

ఇక ఆలస్యం సంగతి. ఓట్‌చిల్ అనే చెట్టుపాల పూత ఎండలో ఆరేది కాదు, వెచ్చగా చెమ్మగా ఉన్న గదిలోనే గట్టిపడుతుంది. గట్టిపడ్డాక రుద్ది మళ్లీ వేయాలి. మాకున్నది ఒక్కటే గది. సంక్రాంతికి అడిగినవి ఫిబ్రవరి ఆఖరుకు గానీ ఇవ్వలేం. ఆగలేనివాళ్లు చెప్పండి, అడ్వాన్సు మొత్తం వెనక్కి వేస్తాం. ఇత్తడి బిగింపుల ధర పెరిగింది, ఆ భారం కొత్త ఆర్డర్లకే.

వర్క్‌షాప్ చూడ్డానికి వచ్చేవాళ్లు పూత గది గుమ్మం దగ్గరే ఆగండి. పచ్చి పూత తగిలితే ఒళ్లంతా దద్దుర్లు లేస్తాయి.