రక్షణ మంత్రి గారికి: ఆ తల్లి అడిగినదానికి జవాబు కావాలి

గౌరవనీయులైన రక్షణ శాఖ మంత్రి గారికి,

జై హింద్.

నేను ఆర్మీలో హవల్దారుగా చేసి రిటైరైనవాణ్ని. నకిరేకల్ పక్కన పల్లె మాది. సర్వీసులో ఉండగా ఒకసారి మా యూనిట్ కుర్రాడి దేహం వెంట వాళ్ల ఊరికి వెళ్లాను. జెండా మడతపెట్టి తల్లి చేతుల్లో పెట్టి, "మీ అబ్బాయి వీరమరణం పొందాడమ్మా" అన్నాను. "అది ఊరంత చెప్తున్నరు బిడ్డా. ఎట్ల పోయిండో నువ్వు చెప్పు. దెబ్బ ఏడ తాకింది? ఎంతసేపు బతికిండు?" అని అడిగింది. నాకు తెలిసిందే కొంచెం. చెప్పడానికి పర్మిషన్ ఉన్నది అంతకన్నా తక్కువ. చాలాసేపు ఆమె నా చెయ్యి వదల్లేదు.

2020 జూన్‌లో, లద్దాఖ్‌లోని గల్వాన్ లోయలో చైనా సైనికులతో జరిగిన ఘర్షణలో చనిపోయిన కల్నల్ సంతోష్ బాబు గారు సూర్యాపేటకు జెండా కప్పుకుని వచ్చారు. కరోనా భయం ఉన్నా జనం రోడ్డు పక్కన నిలబడి పూలు చల్లారు. ఎవరిది ఏ పార్టీ అని అక్కడ ఎవరూ చూడలేదు. 18న అంత్యక్రియలు. 19న అఖిలపక్ష సమావేశంలో, మన భూభాగంలోకి ఎవరూ చొరబడలేదని ప్రధాని అన్నారు. మరి గల్వాన్‌లో 20 మంది ఎలా చనిపోయారని అడిగితే సైన్యాన్ని అవమానించినట్టేనని టీవీల్లో కేకలు వేశారు. అడిగినవాళ్లలోనూ కొందరి ధ్యాస ఆ 20 మంది మీద కన్నా ప్రభుత్వాన్ని ఇరుకున పెట్టడం మీదే.

యుద్ధం చేసి తీరాలనేవాళ్లూ, వద్దనేవాళ్లూ చనిపోయిన జవాను పేరుతోనే మాట్లాడతారు. అతను ఏమనుకున్నాడో ఎవరికి తెలుసు? మా బ్యారక్‌లో పది మందివి పది అభిప్రాయాలు. పగ తీర్చుకుంటేనే ఆ రక్తానికి న్యాయం అంటారు. తీర్చుకోవడానికి వెళ్లేది మళ్లీ మా పల్లెల పిల్లలే కదా సార్.

సైనికుల ఫొటోలు ప్రచారానికి వాడొద్దని ఎన్నికల సంఘం 2013 డిసెంబర్‌లో పార్టీలకు చెప్పింది, అదీ మీ రక్షణ శాఖ ఆ సంగతి సంఘం దృష్టికి తెస్తేనే. పుల్వామాలో 40 మంది పోయాక, 2019 మార్చిలో మళ్లీ గుర్తుచేసింది. అయినా మా మండల కేంద్రంలో ఫ్లెక్సీ కట్టారు. నాయకుడు నిలువెత్తున, జవాన్లు కింద పాస్‌పోర్ట్ సైజులో. ఎన్నికలయ్యాక అది మా పక్కింటివాళ్ల గడ్డివాము మీదికి చేరింది. వాళ్ల తప్పేం లేదు, వానకు గడ్డి తడవకూడదు. ముఖాలు లోపలికి ఉండేలా తిరగేసి కప్పమని మాత్రం అడిగాను.

1999 కార్గిల్ యుద్ధంలో 527 మందిని పోగొట్టుకున్నాం. ఏం జరిగిందో తేల్చడానికి సుబ్రహ్మణ్యం కమిటీ వేశారు. ఏడాది తిరక్కముందే, 2000 ఫిబ్రవరిలో నివేదిక పార్లమెంటు ముందుకొచ్చింది. కొన్ని భాగాలు బయటపెట్టలేదు. దాచాల్సినవి ఉంటాయని మాకూ తెలుసు. చొరబాటును ముందే ఎందుకు పసిగట్టలేకపోయామో దేశమంతా చదివింది. సైన్యం మీద గౌరవం ఏమీ తగ్గలేదు. 1962లో చైనాతో జరిగిన యుద్ధం మీద సైన్యం తయారుచేసిన హెండర్సన్ బ్రూక్స్ నివేదికను మాత్రం ఏ పార్టీ ప్రభుత్వమూ బయటపెట్టలేదు. గల్వాన్‌ను కూడా అలా బీరువాలో పెట్టకండి.

అక్కడ ఏం జరిగిందో చెప్పగలిగినంత వరకు సభ ముందు పెట్టండి. దేహం వెంట వచ్చే మాలాంటివాళ్లకు, ఆ ఇంటివాళ్లకు వాళ్ల భాషలో జరిగింది చెప్పే అనుమతి రాతపూర్వకంగా ఇవ్వండి.

ఆ తల్లికి ఇప్పుడు చూపు సరిగ్గా ఆనడం లేదు. పోయిన సంక్రాంతికి వెళ్తే నా గొంతు గుర్తుపట్టి, మళ్లీ అదే అడిగింది.

ఇట్లు,
ఒక మాజీ హవల్దార్, నల్గొండ జిల్లా