పంట ఫొటోతో పాటు స్టార్టర్ ఫొటో కూడా తీయండి

సంపాదకులకు నమస్కారం.

ఏటా ఈ-పంట నమోదుకు ప్రభుత్వ సిబ్బంది మా పొలానికి వస్తారు. ఫోన్‌లో ఫొటో తీసి, ఏ సర్వే నంబరులో ఏ పంట ఉందో అక్కడికక్కడే ఎక్కిస్తారు. గట్టు మీదున్న మోటారు స్టార్టర్ డబ్బా వైపు మాత్రం ఎవరూ చూడరు. మా డబ్బాకు ఎర్త్ వైరు తెగి ఎన్నాళ్లయిందో మాకే తెలియదు. పోయిన వానాకాలం తెల్లవారుజామున మా ఆయన తడి చేత్తో దాని తలుపు ముట్టుకున్నారు. షాక్ విసిరికొట్టి బురదలో పడేసింది కాబట్టి బతికారు.

అదే ఫోన్‌తో మరో నాలుగు ఫొటోలు తీయండి. ఎర్త్ వైరు, స్టార్టర్ తలుపు, మోటారు వైర్ల అతుకులు, ట్రాక్టర్ పీటీవో షాఫ్ట్ (ఇంజను శక్తిని నూర్పిడి యంత్రం వంటి వాటికి అందించే, తిరిగే కడ్డీ) మీది కవరు. ఆ షాఫ్ట్ నిమిషానికి 540 సార్లు తిరుగుతుంది, అంటే సెకనుకు తొమ్మిది చుట్లు. మా తోడికోడలి కొంగు దానికి చుట్టుకుంటే, డ్రైవర్ బండి ఆపేలోపే చీరంతా లాగేసింది. గ్రీజు పెట్టడానికి అడ్డమని కవరు ఎప్పుడో తీసేశారట!

నూర్పిడి యంత్రాల వంటి వాటి కోసం కేంద్రం 1983లోనే ప్రమాదకర యంత్రాల చట్టం చేసింది. మా కల్లంలోకి ఆ పేరు చెప్పి వచ్చినవారిని నేను చూడలేదు.

లోపం కనిపించగానే కరెంటు పీకేస్తామంటే రైతులు డబ్బా దాచేస్తారు. బాగు చేసుకోవడానికి పది రోజులు గడువిచ్చి, మళ్లీ ఫొటో అడగండి. చిన్నకారు రైతులకు ఎర్త్ కడ్డీ, వైరు రైతు సేవా కేంద్రంలోనే ఇప్పించండి.

— ఒక మహిళా రైతు, పల్నాడు జిల్లా